హైహీల్స్ కొనే ముందు నేల చూసుకోండి

పట్టుచీరలు పాడవకుండా దాచుకోవడం గురించి ఇదివరకు ఈ కార్యక్రమంలో ఒకావిడ చాలా చక్కగా మాట్లాడారు. అది విన్నాక నా స్నేహితురాళ్ళు ఇద్దరు ముగ్గురు "చీర సంగతి సరే, దాని కిందకి ఏం వేసుకోవాలో కూడా ఎవరైనా చెబితే బాగుండును" అన్నారు. తిరిగి తిరిగి ఆ పని నా మీద పడింది. నేను పాదాల డాక్టర్ని కాను, ఫ్యాషన్ డిజైనర్నీ కాను. ఐటీ కన్సల్టెంటుని. ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. పదమూడేళ్ళుగా ఆఫీసులకీ, పార్టీలకీ హీల్స్ వేసుకుంటున్నాను, అందులో ఆరేళ్ళు ఈ డార్విన్‌లోనే. కాబట్టి ఇది వాడినమనిషి చెప్పే మాట అనుకుని వినండి.

హీల్స్ గురించి ఎక్కడ చూసినా రెండు రకాల సలహాలే కనబడతాయి. ఒకటి, ఈ సంవత్సరం ఏ ఫ్యాషన్ నడుస్తోందో చెప్పేది. రెండోది, నడుము పోతుంది, మోకాళ్ళు పోతాయి, అసలు ముట్టుకోవద్దు అని భయపెట్టేది. మొదటి రకం రాసేవాళ్ళు సిడ్నీలోనో లండన్‌లోనో ఉంటారు. రెండో రకం మన అత్తయ్యల దగ్గర ఉచితంగా దొరుకుతుంది. నా మటుకు నాకు అర్థమైంది ఒకటే. ఎత్తు చూసి కాదు, ఆ జత వేసుకుని ఏ నేల మీద ఎన్ని గంటలు ఉండబోతున్నామో చూసి కొనుక్కోవాలి. డార్విన్‌లో ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

ఎందుకంటే ఈ ఊరు వేరు. కొత్తగా వచ్చిన అమ్మాయిలు హైటెక్ సిటీ ఆఫీసుల్ని మనసులో పెట్టుకుని సూట్‌కేసు నిండా నాలుగంగుళాల పెన్సిల్ హీల్స్ తెచ్చుకుంటారు. తీరా ఇక్కడ ఏ ఆహ్వానం చూసినా "టెరిటరీ రిగ్" అని రాసి ఉంటుంది. అంటే మగవాళ్ళకి పొడుగు ప్యాంటు, కాలరున్న చొక్కా చాలు, కోటూ టై అక్కర్లేదని. ఆడవాళ్ళకి మంచి డ్రెస్సో, ప్యాంటూ బ్లౌజో, మర్యాదగా ఉండే శాండిల్సో సరిపోతాయి. ఏడాది పొడుగునా మధ్యాహ్నం పూట 30 డిగ్రీలు దాటే ఊళ్ళో అంతకన్నా ఏం చేస్తారు పాపం. కాబట్టి ఇక్కడ ఆఫీసుకి రెండంగుళాల హీల్ వేసుకెళితే అదే ముస్తాబైనట్టు లెక్క. అంతకు మించి వేసుకుంటే "ఇవాళ ఏమిటి విశేషం?" అని అడుగుతారు.

సరే, నేల సంగతికి వద్దాం. చిన్న లెక్క చెబుతాను, లెక్కలంటే పడనివాళ్ళు క్షమించాలి. 60 కిలోల మనిషి అడుగు వేసేటప్పుడు ఒక్క క్షణం పాటు దాదాపు బరువంతా ఒక మడమ మీదే ఉంటుంది. పెన్సిల్ హీల్ కొస ఒక సెంటీమీటరు పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు అనుకోండి. ఆ ఒక్క చదరపు సెంటీమీటరు మీద 60 కిలోలు. నాలుగు టన్నుల ఏనుగు నాలుగు కాళ్ళ మీద నిలబడితే దాని పాదాల కింద చదరపు సెంటీమీటరుకి ఒక కిలో కూడా పడదు. ఏనుగు నడిచిన గడ్డి మీద మనం నడిస్తే దిగబడిపోయేది మనమే. అదే నాలుగు సెంటీమీటర్లు ఇంటూ నాలుగు ఉన్న బ్లాక్ హీల్ అయితే ఆ 60 కిలోలూ 16 చదరపు సెంటీమీటర్లకి పంచుకుపోయి, ఒక్కోదాని మీద నాలుగు కిలోల లోపే పడుతుంది. రెండు జతల ఎత్తూ ఒకటే కావచ్చు, నడక మాత్రం ఒకటి కాదు.

ఇప్పుడు మన ఊళ్ళో పార్టీలు ఎక్కడెక్కడ జరుగుతాయో గుర్తు తెచ్చుకోండి. ఆగస్టు మొదటి సోమవారం, పిక్నిక్ డే సెలవు నాడు ఫ్యానీ బే రేసుకోర్సులో డార్విన్ కప్. టోపీలు, పూలగౌన్లు, కొత్త హీల్స్... నిలబడేది మాత్రం పచ్చిక మీద. సాయంత్రానికి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్ళే ఎక్కువ కనబడతారు. మిండిల్ బీచ్‌లో గురువారం, ఆదివారం జరిగే సాయంకాలపు సంతకి వెళ్ళినా, మనవాళ్ళు అక్కడ జరిపే "ఇండియా ఎట్ మిండిల్" పండగకి వెళ్ళినా గడ్డీ ఇసకే. ఇక ఎవరింటికైనా వెళితే చాలాచోట్ల స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇల్లు, బయట మెట్లు, పైన చెక్కల వరండా. ఆ చెక్కల మధ్య వాన నీళ్ళు కారడానికి సందులు వదులుతారు. పెన్సిల్ హీల్ కొసకి ఆ సందులంటే ఎంత ప్రేమో చెప్పలేను. పట్టుకుంటే వదలదు. ఇలాంటి చోట్లకి వెడ్జ్ హీల్ గానీ, వెడల్పయిన బ్లాక్ హీల్ గానీ తప్ప వేరే ఆలోచనే వద్దు. సన్నటి హీల్ మీద మోజుంటే హోటల్లో, కన్వెన్షన్ సెంటరులో జరిగే విందులకి దాచుకోండి. నేనూ అలా ఒక జత దాచుకున్నాను. సంవత్సరానికి మూడు సార్లు బయటికి తీస్తాను.

మా ఐటీ వాళ్ళకి ఇంకో నేల ఉంది. డేటా సెంటరులో కింద నుంచి చల్లగాలి రావడానికి చిల్లులున్న పలకలు పరుస్తారు. సన్న హీల్‌తో వాటి మీద నడవడం సర్కస్. కొన్ని చోట్ల వేళ్ళు కనబడే చెప్పులతో లోపలికి రానివ్వరు కూడా. అందుకని నా ఆఫీసు బ్యాగులో ముందు మూసి ఉండే ఫ్లాట్స్ ఎప్పుడూ ఉంటాయి. కారులో ఇంకో జత. హీల్స్‌తో కారు నడపవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. మడమ కింద చాప మీద చిక్కుకుంటే బ్రేకు మీదకి కాలు వెళ్ళడానికి పట్టే ఆ అర క్షణం ఎవరిదో ప్రాణం.

ఇకపోతే మన సంగతులు కొన్ని ఉన్నాయి. ఇవి ఏ ఇంగ్లీషు పత్రికలోనూ రాయరు. మొదటిది, గడప. మనింటి పార్టీల్లో ఎంత ఖరీదైన చెప్పులైనా గుమ్మం బయటే. నలభై జతల మధ్యలో వంగుని, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, చీలమండ దగ్గర బకిల్ ఊడదీసుకోవడం ఎంత అవస్థో తెలుసు కదా. కాబట్టి ఇళ్ళల్లో జరిగే పుట్టినరోజులకీ వ్రతాలకీ పట్టీ లేని, జారవిడిచి లోపలికి నడిచేయగలిగే జతే మేలు. అన్నట్టు, వానాకాలంలో బయట వదిలిన చెప్పుల్ని దులిపి వేసుకోండి. కప్పలూ బల్లులూ వాటిని తమ కోసమే పెట్టారనుకుంటాయి.

రెండోది, చీర పొడుగు. హీల్స్ వేసుకుని చీర కడితే ఆ ఎత్తుకి కుచ్చిళ్ళు సరిగ్గా వస్తాయి. తరవాత హీల్స్ విప్పి లోపలికి వెళ్ళేసరికి రెండంగుళాల చీర నేల మీద ఊడుస్తూ, కాలి కింద పడి లాగుతుంది. అంచేత చెప్పులు బయట విప్పే చోటికి వెళ్ళేటప్పుడు తక్కువ ఎత్తు జత, కుచ్చిళ్ళు దానికి తగినట్టు. ఫంక్షన్ హాలయితే, హీల్స్ ఆసాంతం కాళ్ళకే ఉంటాయి కాబట్టి, వేసుకుని కట్టుకోండి. ఫాల్ కుట్టు వదులైన చోట హీల్ కొస దూరిందంటే మెట్ల మీద పడిపోవడం ఖాయం. బయలుదేరే ముందు అంచంతా ఒకసారి చూసుకోండి.

మూడోది మెట్టెలు. ముందు సూదిగా ఉండే మూతబూట్లు మన రెండో వేలి మీద మెట్టెని పక్కవేలికి అదిమి పెడతాయి. ఒక గంటకే పుండు. ఈ విషయం షాపులో సేల్స్ అమ్మాయికి తెలియదు, ఆమెకి మెట్టెలు ఉండవు కదా. బాదంగింజలా కాస్త గుండ్రంగా తిరిగిన ముందుభాగం చూసుకోండి, లేదా ముందు తెరుచుకున్న శాండిల్. గజ్జెలూ పువ్వులూ ఉన్న మెట్టెల బదులు ఆఫీసు రోజుల్లో సాదా చుట్టు మెట్టెలు వేసుకునేవాళ్ళున్నారు, అదీ బాగానే ఉంటుంది. కాళ్ళ పట్టీలు పెట్టుకునేవాళ్ళు చీలమండ బెల్టున్న హీల్స్ జోలికి పోకపోతే మంచిది, రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.

రంగు గురించి కూడా ఒక మాట. "న్యూడ్ కలర్ తీసుకోండి, కాళ్ళు పొడుగ్గా కనబడతాయి" అంటారు. చాలాకాలం ఆ న్యూడ్ అన్నది తెల్లవాళ్ళ ఒంటి రంగే. 2013లో క్రిస్టియన్ లూబుటాన్ అయిదు ఛాయల్లో న్యూడ్ జతలు తెచ్చాక మిగతావాళ్ళూ కాస్త దిగివచ్చారు. మనకి నప్పేది తేనె రంగు, బెల్లం రంగు, ముదురు గోధుమ రంగు. పట్టుచీరలకి మెరిసిపోయే బంగారు రంగు కన్నా పాత ఇత్తడి లాంటి మసక బంగారం బాగుంటుంది, పది చీరలకి ఒకే జత సరిపోతుంది.

ఇప్పుడు అసలు శత్రువు గురించి. ఈ ఊళ్ళో సంవత్సరానికి సుమారు 1,700 మిల్లీమీటర్ల వాన, అదీ చాలావరకు నాలుగైదు నెలల్లోనే. గాలిలో తేమ చేత్తో పట్టుకోవచ్చేమో అనిపిస్తుంది. తోలు చెప్పులకి బూజు పట్టడం మనందరికీ తెలిసిందే. తెలియనిది ఇంకొకటుంది. చాలా వెడ్జ్ హీల్స్, సోల్స్ పాలీయురేథేన్ అనే తేలికైన నురుగు పదార్థంతో చేస్తారు. గాలిలో ఉన్న తేమ దాన్ని మెల్లమెల్లగా లోపలి నుంచి విరగ్గొడుతుంది. హైడ్రాలిసిస్ అంటారు. బయటికి ఏమీ కనబడదు. మా స్నేహితురాలు మూడేళ్ళు అట్టపెట్టెలో అపురూపంగా దాచుకున్న జత కూతురి పుట్టినరోజుకి వేసుకుంది. కేకు కోసేలోపు హాలంతా నల్లటి పొడి. ఎవరో పిల్లలు బిస్కట్లు తొక్కారనుకున్నారు. చూస్తే ఆవిడ సోలు మరమరాల్లా రాలిపోతోంది. వాడకపోవడం వల్ల ఇది ఆగదు సరికదా, గాలాడని పెట్టెలో పెడితే ఇంకా తొందరగా పోతుంది.

అందుకని డార్విన్‌లో చెప్పుల్ని దాచుకోకూడదు, వాడుకోవాలి. కొనేటప్పుడు సోలు రబ్బరుదా, తోలుదా, కార్కుదా అని అడగండి. పైన తోలులా కనబడేది కూడా చాలాసార్లు పాలీయురేథేన్ పూతే, అది పొరలు పొరలుగా లేస్తుంది. ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టకుండా, ఏసీ ఉండే గదిలో గాలాడే అరలో ఉంచండి. నెలకోసారి తీసి, బొటనవేలితో సోలు నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోయినా, జిగురుగా అనిపించినా ఆ జత పని అయిపోయినట్టే. సగం ధరకి వచ్చిందని ఒకేసారి నాలుగు జతలు కొని పెట్టుకోవడం మన వాతావరణంలో డబ్బుని బూజుకి దానం చెయ్యడమే.

కొనే పద్ధతి చెబుతాను. సాయంత్రం వెళ్ళండి. వేడికి, రోజంతా తిరిగినదానికి పాదం ఉబ్బి ఉంటుంది, ఆ పాదానికి సరిపోయేదే పార్టీలో సరిపోతుంది. ఇంటి దగ్గరే కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీసుకుని, ఆ బొమ్మ కత్తిరించి తీసుకెళ్ళండి. షూ కింద పెట్టి చూస్తే, మన పాదం ఎంత బయటికి వస్తోందో అదే చెబుతుంది. కొలతల గురించి జాగ్రత్త. ఇండియాలో 5 అంటే ఇక్కడ సాధారణంగా 7. షూని బల్ల మీద పెట్టి వేలితో వెనక నుంచి కొంచెం తోయండి, ఊగిసలాడితే వద్దు. రెండు చేతులతో వంచి చూడండి, వేళ్ళ మొదళ్ళు వచ్చే చోట వంగాలి, పాదం వంపు దగ్గర వంగకూడదు. అక్కడ లోపల షాంక్ అని ఒక గట్టి పట్టీ ఉంటుంది, హీల్ చెప్పుకి వెన్నెముక అదే. చవక రకాల్లో అది బలహీనంగా ఉంటుంది. కొందరు "మూడంగుళాల దాకా పరవాలేదు" అని ఎత్తు కొలుస్తారు. కొలవాల్సింది వెనక ఎత్తులోంచి ముందు ఎత్తు తీసేసి. వెనక నాలుగు, ముందు ప్లాట్‌ఫారం ఒకటిన్నర ఉంటే పాదానికి తెలిసే ఎత్తు రెండున్నరే. కాకపోతే ప్లాట్‌ఫారం మీద నేల స్పర్శ తెలియదు, మడత పడితే మనిషి అంత ఎత్తు నుంచీ పడుతుంది. షాపులో కార్పెట్ మీద కాకుండా బయట టైల్స్ మీద పది నిమిషాలు నడుస్తానని అడగండి. మొహమాటం వద్దు, నడవబోయేది మనం.

ఒంటికి చెరుపా అంటే, వాడకాన్ని బట్టి. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో, ఏళ్ళ తరబడి అయిదు సెంటీమీటర్లు, ఆ పైన హీల్స్ వేసుకున్న స్త్రీలకి పిక్క కండరపు పోగులు సగటున 13 శాతం పొట్టిగా ఉన్నాయనీ, మడమ వెనక నరం బిరుసెక్కిందనీ తేలింది. 2012లో మన క్వీన్స్‌లాండ్‌లోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం వాళ్ళు వారానికి 40 గంటలు, రెండేళ్ళకి పైగా హీల్స్ వేసుకున్నవాళ్ళని పరీక్షించి, నడిచేటప్పుడు వాళ్ళ కండరాలు పనిచేసే తీరే మారిందన్నారు. ఆ 40 గంటలన్న మాట గమనించండి. అంటే ఆఫీసు వారం మొత్తం. శనివారం రాత్రి పార్టీ కాదు వాళ్ళు చూసింది. అందుకే నా లెక్క తిరగేసినట్టుంటుంది. పార్టీకి మూడంగుళాలు వేసుకున్నా మూడు గంటలే. ఆఫీసు జతే తక్కువ ఎత్తులో, ఎక్కువ ఖర్చు పెట్టి కొనాలి. మనవాళ్ళు సరిగ్గా ఉల్టా చేస్తారు, పార్టీ జతకి 200 డాలర్లు, ఆఫీసుకి ఏదో సేల్‌లో దొరికింది.

ఆఫీసు అన్నాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. ఇక్కడికి రాకముందు వేరే నగరంలో పనిచేసేటప్పుడు, ఒక మేనేజరు నన్ను పక్కకి పిలిచి "క్లయింటు మీటింగులకి కాస్త హీల్స్ వేసుకుంటే ప్రొఫెషనల్‌గా ఉంటుంది" అన్నారు. అప్పటికి నా చీలమండ బెణికి రెండు వారాలు. "తప్పకుండా, ఆ మాటే ఈమెయిల్లో రాసి పంపండి" అన్నాను. ఆ ఈమెయిలు ఇప్పటిదాకా రాలేదు. హీల్స్ అంటే నాకు ఇష్టమే, కానీ నా ఇష్టానికీ ఇంకొకరి నిబంధనకీ చాలా దూరం ఉంది.

ఈ గొడవ నా ఒక్కదానిదీ కాదు. లండన్‌లో నికోలా థార్ప్ అనే ఆవిడని 2015 డిసెంబరులో, ఫ్లాట్స్ వేసుకొచ్చిందని రిసెప్షన్ ఉద్యోగం నుంచి మొదటి రోజే ఇంటికి పంపేశారు. ఆవిడ పెట్టిన అర్జీ మీద లక్షన్నర మంది సంతకాలు చేస్తే 2017లో పార్లమెంటులో చర్చ జరిగింది. అదే సంవత్సరం కెనడాలో బ్రిటిష్ కొలంబియా హీల్స్ తప్పనిసరి చెయ్యకూడదని నియమం పెట్టింది. జపాన్‌లో 2019లో యుమి ఇషికావా "కుటూ" అని ఉద్యమమే నడిపింది. వాళ్ళ భాషలో చెప్పులకీ నొప్పికీ దాదాపు ఒకటే పలుకు. మన క్వాంటస్ విమానాల్లో కూడా 2023 జూన్ దాకా ఆడవాళ్ళకి హీల్స్ నియమం ఉండేది, అప్పుడు తీసేశారు. మీ ఆఫీసులో ఎవరైనా బలవంతం చేస్తే ముందు రాతపూర్వకంగా అడగండి. జారిపడే ప్రమాదం ఉన్న చోట భద్రత చూడాల్సిన బాధ్యత యజమానిదే.

మొన్నీమధ్య విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఒక తెలుగమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, మొదటి ఇంటర్వ్యూ. ఎంత హీల్ వేసుకోవాలి?" అని. రాత్రిళ్ళు వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పని, ఎనిమిది గంటలు కాళ్ళ మీదే. షాపులో 140 డాలర్ల జత చూసి పెట్టుకుంది. అది ఆ పిల్లకి రెండు వారాల సరుకులు. "నేను పొట్టిగా ఉంటాను కదక్కా, నన్ను సరిగ్గా చూడరేమో" అంది. ఆ మాట నాకు కొత్త కాదు. బల్లకి అవతల కూర్చున్నవాళ్ళకి నీ కాళ్ళు కనబడవమ్మా అని చెప్పి, నా దగ్గరున్న ఒకటిన్నర అంగుళాల నల్ల బ్లాక్ హీల్స్ ఇచ్చాను. ఇద్దరిదీ ఒకే కొలత, అదృష్టం. హీల్ టిప్పులు అరిగితే, మాల్‌లో చెప్పులు బాగుచేసేచోట కొత్తవి వేయించుకుంది. లోపలి మేకు బయటపడక ముందే ఆ పని చేయించుకోవాలి, తరవాత టైల్స్ మీద ఆ మేకు స్కేటింగ్ చేయిస్తుంది. ఇంటర్వ్యూ ముందు రోజు ఇంట్లో అవి వేసుకుని గంటసేపు వంట చేసిందట. హీల్స్ అలవాటు చేసుకోవడానికి అంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

టైము దగ్గర పడింది. పామర్‌స్టన్ నుంచి ఒక శ్రోత అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పి ముగిస్తాను. వాళ్ళమ్మాయికి పన్నెండో తరగతి ఫార్మల్ ఉందట, నాలుగంగుళాలే కావాలని పట్టు పడుతోందట. అమ్మా, పోట్లాడకండి. రెండున్నర అంగుళాల బ్లాక్ హీల్, పట్టీ ఉన్నది, తనతోనే ఎంపిక చేయించండి. పార్టీలో నాలుగు గంటలు డాన్సు చెయ్యాలని గుర్తు చేయండి. రెండు వారాల ముందు కొని రోజూ అరగంట ఇంట్లో వేసుకోమనండి. చేతిసంచిలో మడతపెట్టే ఫ్లాట్స్ ఒక జత, బ్యాండ్ ఎయిడ్ రెండు పెట్టి పంపండి. గౌను కింది అంచు మాత్రం ఆ చెప్పులు వేసుకుని నిలబడ్డాకే కొలిపించండి, ముందే కుట్టించేస్తే మళ్ళీ విప్పించాలి.